రోమ్‌కి మూడు రోజులు: ఏది చూడాలి, ఏది వదులుకోవాలి

రోమ్‌కి టికెట్లు బుక్ చేశామని చెప్పగానే లిస్టులు రావడం మొదలవుతుంది. బావగారు ఒక వీడియో పంపుతారు, ఆఫీసులో కొలీగ్ తన పాత ఎక్సెల్ షీట్ ఇస్తాడు, వాట్సాప్ గ్రూపులో ఎవరో "తప్పక చూడాల్సిన 25 ప్రదేశాలు" అని ఫార్వర్డ్ చేస్తారు. అన్నీ కలిపితే పదిహేను రోజుల పని తేలుతుంది. చేతిలో ఉన్నవి మూడు రోజులు. జర్మనీలోనో ఇంగ్లండ్‌లోనో ఉంటున్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తున్నా, హైదరాబాద్ నుంచి నేరుగా దిగుతున్నా, మనవాళ్లలో చాలామందికి రోమ్‌లో దొరికేది ఈ మూడు రోజులే.

అందుకని ఇంకో లిస్టు ఇవ్వడం లేదు. ఒకదానికొకటి పోటీ వచ్చే ప్రదేశాలను పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది నప్పుతుందో నాకు తోచింది చెబుతాను. మూడు రోజులంటే ఆరు పూటలు. వచ్చే రోజు, వెళ్లే రోజు హడావిడి తీసేస్తే నాలుగైదు మిగులుతాయి. పూటకి ఒక పెద్ద ప్రదేశం కంటే ఎక్కువ పెట్టుకుంటే రెండోది కాళ్లతో చూస్తాం గానీ కళ్లతో చూడం. కాబట్టి ఆ నాలుగైదు పూటల్లో దేనికి చోటివ్వాలన్నది ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.

ఎవరి మాట దేనికి నమ్మాలి

వేళలు, సెలవులు, టికెట్ ధర. ఈ మూడింటికీ ఆ ప్రదేశపు అధికారిక వెబ్‌సైట్ తప్ప ఇంకేదీ నమ్మకండి. పాత రోమన్ గుడి పాంథియన్‌నే తీసుకోండి. 2023 జులై ముందు వరకు ఎవరైనా ఊరికే లోపలికి వెళ్లొచ్చేవాళ్లు. ఆ నెల నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు. అంతకుముందు తీసిన వీడియోలన్నీ ఇప్పటికీ "ఫ్రీ ఎంట్రీ" అనే చెబుతున్నాయి. బోర్గేసే గ్యాలరీకి సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియంలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరిచి ఉచితంగా పంపిస్తారు, ఆ రోజు క్యూ గోడ వెంట చాలా దూరం పోతుంది. జూన్ 29 పీటర్, పాల్‌ల పేరు మీద రోమ్ నగరానికి పండుగ, ఆ రోజూ వాటికన్ మ్యూజియంలు మూత. శని, ఆది, సోమవారాలు పెట్టుకున్నవాళ్లకు వాటికన్‌కి శనివారమో సోమవారమో, బోర్గేసేకి శనివారమో ఆదివారమో మాత్రమే మిగులుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ప్లాన్ దానంతటదే కుదురుతుంది.

వీడియోలు వేరే పనికి వస్తాయి. ఎన్ని మెట్లున్నాయి, దారి ఎగుడుదిగుడుగా ఉందా, నీడ ఉందా, కూర్చోడానికి చోటుందా అన్నవి అధికారిక సైట్‌లో సరిగ్గా తెలియవు. ఎవరో ఫోన్ పట్టుకుని నడుస్తూ, పెద్దగా ఎడిటింగ్ లేకుండా పెట్టిన అరగంట వీడియోలో తెలుస్తాయి. డ్రోన్‌తో తీసి సంగీతం కలిపినవి అందంగా ఉంటాయి గానీ, ట్రెవీ ఫౌంటెన్ ముందు ఒక్క మనిషి కూడా లేని ఆ షాట్ తెల్లవారుజామున తీసింది. మధ్యాహ్నం వెళ్తే నీళ్లు కనబడటానికే జనం భుజాల మధ్య నుంచి చూడాలి.

మ్యాప్‌లో స్టార్లు చూసి ఎంచుకోవడం రోమ్‌లో కుదరదు, పేరున్న చోట్లన్నిటికీ సగటు బాగానే ఉంటుంది. కొత్త రివ్యూలు ముందు వచ్చేలా మార్చుకుని, రెండు మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏమన్నారో చదవండి. "క్యూ ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు", "ఒక భాగం రిపేర్ల కోసం మూసేశారు", "మా నాన్నగారు మెట్లు ఎక్కలేకపోయారు" లాంటి మాటలు అక్కడే దొరుకుతాయి.

ఈమధ్య ఏఐ చాట్‌బాట్‌తో ప్లాన్ రాయించుకునేవాళ్లు పెరిగారు. దగ్గర్లో ఉన్న ప్రదేశాలను ఒక పూటకి కలపడానికి అది బాగానే పనికొస్తుంది. సోమవారం ఉదయం బోర్గేసే పెట్టేయడం లాంటివి మాత్రం జరగొచ్చు, కాబట్టి అది రాసిన ప్రతి వేళనూ సరిచూసుకోవాలి.

ఇక చరిత్ర. చాలామంది వదిలేసేది ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఒక్కో ప్రదేశం గురించి ముందు ఓ అరగంట చదివి వెళ్తే చూసే తీరే మారిపోతుంది. పాతకాలపు రోమన్లు పోరాటాలు చూసిన గుండ్రటి ప్రదర్శనశాల కొలోసియం. దాని బయటి గోడ పూర్తి ఎత్తులో నిలిచి ఉన్న వైపుకి వెళ్లి తలెత్తి చూడండి. కింది వరస కమానుల మీద రోమన్ అంకెలు చెక్కి ఉంటాయి. అవి గేటు నంబర్లు. సుమారు 50 వేల మంది ప్రేక్షకులు తమ గేటు నంబరు చూసుకుని లోపలికి వెళ్లేవాళ్లు. మొత్తం 80 కమానుల్లో 23 నుంచి 54 వరకు నంబర్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఇది తెలిసి వెళ్తే టికెట్ లేకుండా, బయటే, పిల్లలతో పది నిమిషాలు ఆ అంకెలు చదువుతూ గడపొచ్చు. తెలియకపోతే వాటి కిందనుంచే నడిచి వెళ్లిపోతాం.

కొలోసియం, ఫోరమ్: ఒకే టికెట్, రెండు వేరే పనులు

మామూలు టికెట్ 18 యూరోలు. కొలోసియం, దాని పక్కనే పాత రోమ్ నగర కేంద్రమైన రోమన్ ఫోరమ్, చక్రవర్తుల ప్యాలెస్‌లుండే పాలటైన్ కొండ మూడూ అందులోనే వస్తాయి, 24 గంటలు చెల్లుతుంది. కొలోసియానికి మాత్రం టైమ్ స్లాట్ ఉంటుంది. మూడూ ఒకే టికెట్‌లో ఉన్నాయి కదా అని మూడూ ఒకే పూటలో పూర్తి చేయాలనుకుంటేనే ఇబ్బంది. మూడింటికీ కలిపి నాలుగు గంటల నడక, అందులో ఎక్కువ భాగం ఎండలో. సాయంత్రం స్లాట్‌లో కొలోసియం చూసి, మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఫోరమ్‌కి వెళ్లడం నాకు నచ్చిన పద్ధతి.

ఒక్కటే చూసే ఓపిక ఉంటే? చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఫోరమ్ అని చెబుతాను. కొలోసియం బయటి నుంచే సగం మనసు నింపేస్తుంది. క్రీ.శ. 72 ప్రాంతంలో వెస్పాసియన్ చక్రవర్తి మొదలుపెట్టి, అతని కొడుకు టైటస్ 80లో ప్రారంభించిన కట్టడం అది. లోపల గంట చాలు. ఫోరమ్‌లో మాత్రం నడిచేకొద్దీ కథలు. టైటస్ కమాను లోపలి గోడ మీద, జెరూసలేం ఆలయం నుంచి కొల్లగొట్టిన ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు భుజాల మీద మోసుకొస్తున్న శిల్పం ఉంది. క్రీ.శ. 70లో జరిగిన ఆ సంఘటనకు అంత దగ్గరి కాలంలో చెక్కింది అది. కొంచెం ముందుకి వెళ్తే మాక్సెన్షియస్ బసిలికా అనే పెద్ద సభామందిరం ఉన్న చోట, దానికంటే ముందు మిరియాల గోదాములు ఉండేవి. ఆ మిరియాలు మన పడమటి తీరం నుంచి ఓడల్లో వెళ్లినవి. పాలటైన్ మీద తిబేరియస్ చక్రవర్తి పేరుతో ఉన్న ప్యాలెస్‌ను దాదాపు 50 ఏళ్ల తర్వాత 2023లో మళ్లీ తెరిచారు. తిబేరియస్ బొమ్మ ఉన్న రోమన్ నాణేలు మన తెలుగు నేల మీదా తవ్వకాల్లో దొరికాయి. శాతవాహనుల కాలపు వర్తకం గురించి బడిలో చదివిన రెండు పంక్తులకు అవతలి కొస ఇక్కడ కనిపిస్తుంది.

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే నా సలహా తిరగబడుతుంది. ఫోరమ్‌లో దారి పొడవునా పెద్ద పెద్ద నల్లరాతి పలకలు, వాటి మధ్య సందులు. కర్ర ఆనించి నడిచేవాళ్లకు చాలా కష్టం. కొలోసియంలో లిఫ్ట్ ఉంది. వాళ్లకు కొలోసియం లోపల చూపించి, ఫోరమ్‌ని కాపిటోలైన్ కొండ మీద నగర సభా భవనం పక్కగా వెనక్కి వెళ్లి, అక్కడి రెయిలింగ్ దగ్గర నుంచి చూపించండి. ఫోరమ్ మొత్తం కిందే పరుచుకుని ఉంటుంది, టికెట్ అక్కర్లేదు.

అరీనా నేల మీదికీ, దాని కింద గదుల్లోకీ తీసుకెళ్లే టికెట్ వేరే ఉంది. ధర కొంచెం ఎక్కువ, దొరకడం చాలా కష్టం. పదేళ్లు దాటిన పిల్లలుంటే దానికోసం ప్రయత్నించమంటాను. సింహాలను, ఎలుగుబంట్లను చేతితో తిప్పే లిఫ్టుల మీద పైకి ఎలా లేపేవాళ్లో అక్కడ కళ్లారా అర్థమవుతుంది. మిగతావాళ్లకు మామూలు టికెట్ చాలు. పై అంతస్తుల నుంచి ఆ గదుల గోడలు తేటగా కనిపిస్తాయి.

ఫోరమ్‌లో నీడ తక్కువ, జులై, ఆగస్టుల్లో మన ఎండలకు ఏమీ తీసిపోదు. ఖాళీ సీసా ఒకటి వెంట ఉంచుకోండి. రోమ్ వీధుల్లో రెండు వేలకు పైగా చిన్న ఇనుప కుళాయి స్తంభాలున్నాయి. ముక్కులా వంగిన గొట్టంలోంచి చల్లటి తాగునీళ్లు ఎప్పుడూ ధారగా వస్తూనే ఉంటాయి.

వాటికన్ మ్యూజియంలా, బోర్గేసేనా, కాపిటోలైనా

అందరూ తడబడేది ఇక్కడే. ఎందుకంటే వాటికన్ మ్యూజియంలు వదిలేశామని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

ముందు ఒక స్పష్టత. సెయింట్ పీటర్స్ బసిలికా అనే పెద్ద చర్చి వేరు, వాటికన్ మ్యూజియంలు వేరు. బసిలికా ఉచితం, సెక్యూరిటీ క్యూ మాత్రమే ఉంటుంది, ఉదయం 7 గంటలకే తెరుస్తారు. మైకెలాంజెలో పాతికేళ్ల లోపు వయసులో చెక్కిన పియెటా, అంటే చనిపోయిన యేసును ఒళ్లో పెట్టుకున్న మరియమ్మ శిల్పం, అందులోనే, కుడి పక్కన అద్దం వెనక ఉంటుంది. మ్యూజియంలకు టికెట్ ఉంది, ద్వారం ఇంకో వైపు ఉంది. ఒకదాని నుంచి ఇంకోదానికి గోడ చుట్టూ పావుగంట నడవాలి. సిస్టీన్ చాపెల్ మ్యూజియంల లోపల ఉంటుంది, బసిలికాలో ఉండదు. ఈ మూడింటినీ ఒకటే అనుకుని టికెట్ కొనేవాళ్లు చాలామంది. మ్యాప్‌లో రెండు ద్వారాలనూ విడివిడిగా గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు పోలిక. వాటికన్ మ్యూజియంలలో సిస్టీన్ చాపెల్ దాదాపు చివర్లో వస్తుంది. అక్కడికి చేరేలోపు పొడవాటి హాళ్లు ఒకదాని తర్వాత ఒకటి, జనంతో పాటు కదలడమే. తిరుమల క్యూలో గంటలు నడిచి, గర్భగుడి ముందు కొద్ది సేపు నిలబడ్డట్టే ఉంటుంది. చాపెల్‌లో ఫొటోలు తీయనివ్వరు, మాట్లాడితే కాపలావాళ్లు వారిస్తూనే ఉంటారు. అయినా తలెత్తి చూస్తే 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో గీసిన ఆ పైకప్పు, ఎదురు గోడ మీద పాతికేళ్ల తర్వాత వచ్చి 1541లో ముగించిన తుది తీర్పు చిత్రం. ఆ ఒక్క గదికోసం ఆ నడకంతా నడవొచ్చు అనే నా అభిప్రాయం. దారిలో రఫాయెల్ గదులు కూడా ఉన్నాయి. ప్లేటో, అరిస్టాటిల్ మాట్లాడుకుంటూ నడిచి వచ్చే చిత్రం అక్కడిదే.

కానీ ఎవరికి? బొమ్మలంటే ఇష్టం ఉండి, మూడు గంటలు నిలబడగలిగి, గుంపంటే చికాకు పడనివాళ్లకు. చిన్నపిల్లలతో, ఇంకా స్ట్రాలర్‌తో అయితే వద్దనే అంటాను.

బోర్గేసే గ్యాలరీ దీనికి పూర్తిగా ఎదురు. పెద్ద పార్కు మధ్యలో ఒక బంగళా. ముందుగా బుక్ చేసుకోవాలి, రెండు గంటల స్లాట్, స్లాట్‌కి ఇంతమంది అని లెక్క. టైమ్ అవగానే అందరినీ బయటికి పంపేస్తారు. అందుకే లోపల ఊపిరాడుతుంది, ప్రతి శిల్పం చుట్టూ తిరిగి చూడొచ్చు. బెర్నినీ ఇరవై నాలుగేళ్లు కూడా నిండకుండా చెక్కిన ప్రొసెర్పినా శిల్పం దగ్గర ఆగండి. పాతాళ దేవుడు ఆమెను ఎత్తుకుపోతుంటాడు. అతని వేళ్లు ఆమె తొడ మీద పట్టు బిగించిన చోట పాలరాయి మెత్తటి ఒంటిలా లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఆమె చెంప మీద కన్నీటి చుక్క. ఇంకో గదిలో అపోలో తరుముతుంటే డాఫ్నీ చెట్టుగా మారిపోతుంటుంది. వేలికొసలు ఆకులవుతున్నాయి, కాళ్లకు బెరడు కమ్ముకుంటోంది, జుట్టు గాలికి ఎగురుతోంది. రాయిని ఎంత పలచగా చెక్కాడో పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది. ముందు నుంచి తీసిన ఫొటో చూసి ఈ శిల్పాన్ని చూసేశామనుకోవద్దు.

జీవితంలో బొమ్మల మ్యూజియం ఎప్పుడూ చూడనివాళ్లకు, పన్నెండేళ్ల పిల్లకు, డెబ్భై ఏళ్ల తాతగారికి ఒకేసారి నచ్చే చోటు కావాలంటే నేను చెప్పేది బోర్గేసే. వాటికన్, బోర్గేసేల్లో ఒకటే కుదురుతుందంటే, మొదటిసారి వచ్చి మళ్లీ వస్తామో లేదో తెలియనివాళ్లు వాటికన్‌కి వెళ్లండి, సిస్టీన్ చాపెల్‌కి బదులు ఇంకోటి లేదు. యూరప్‌లోనే ఉంటూ మళ్లీ వచ్చే వీలున్నవాళ్లు, పెద్దవాళ్లతో వచ్చినవాళ్లు బోర్గేసేకి వెళ్లి, బసిలికాను ఉదయాన్నే ఉచితంగా చూసుకోండి.

కాపిటోలైన్ మ్యూజియంలు వీటి మధ్యలో. 1471లో పోప్ నాలుగో సిక్స్‌టస్ ఇచ్చిన కంచు విగ్రహాలతో మొదలై, 1734 నుంచి జనానికి తెరిచారు. గుర్రం మీద మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి అసలు విగ్రహం లోపల ఉంది, బయట చౌకులో ఉన్నది నకలు. రోమ్ పుట్టుక కథలోని కవలలకు పాలిచ్చే తోడేలు విగ్రహం ఇక్కడే. రెండు భవనాల మధ్య నేల కింది దారిలో వెళ్తే ఫోరమ్ మీదికి తెరుచుకునే పాత రోమన్ కమానులు వస్తాయి. వాన పడి ఫోరమ్‌లో తిరగలేని పూటకి, సోమవారం బోర్గేసే లాంటివి మూసి ఉన్నప్పుడు దీన్ని దాచి ఉంచుకోండి. ఇక్కడ హడావిడి తక్కువ, టికెట్ టెన్షన్ కూడా తక్కువే.

టికెట్ లేని గొప్పవి

రోమ్‌లో ప్రపంచ స్థాయి బొమ్మలు చాలావరకు చర్చిల గోడల మీదే ఉన్నాయి. ప్లాన్‌లో వీటికి పూట కేటాయించక్కర్లేదు, దారిలో పడితే చాలు. పియాజ్జా నవోనా, పాంథియన్‌ల మధ్య సాన్ లుయిజీ దేయ్ ఫ్రాంచేసీ చర్చిలో, ఎడమ వరసలో చివరి గదిలో సెయింట్ మాథ్యూ మీద కరవాజ్జో గీసిన మూడు చిత్రాలున్నాయి. చీకటి గదిలో పక్కనుంచి పడే వెలుగు, డబ్బు లెక్కపెడుతూ తల ఎత్తని కుర్రాడు. అసలు చోటులో, అసలు వెలుగులో ఆ బొమ్మను చూడటం ఏ మ్యూజియంలోనూ కుదరదు. కొలోసియానికి దగ్గర్లో సాన్ పియెత్రో ఇన్ విన్‌కోలీలో మైకెలాంజెలో మోషే శిల్పం ఉంది. ఇదీ ఉచితమే.

చర్చిలతో ఒకటే జాగ్రత్త. చాలావాటిని మధ్యాహ్నం మూసేసి, మూడుకో నాలుగుకో తెరుస్తారు. భోజనం చేసి రెండింటికి వెళ్దాం అనుకుంటే తలుపులే చూడాలి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కావాలి. సల్వార్ కమీజ్, చీరలకు ఏ అడ్డూ లేదు, షార్ట్స్ వేసుకున్న కుర్రాళ్లనే ఆపుతారు.

సాన్ క్లెమెంతే గురించి ఎక్కువగా చెప్పకుండా ఉండలేను. పై చర్చి ఉచితం, కిందికి వెళ్లడానికి టికెట్. పైన 12వ శతాబ్దపు చర్చి, బంగారు మొజాయిక్. మెట్లు దిగితే దాని కింద 4వ శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే 1వ శతాబ్దపు రోమన్ కట్టడాలు, ఒక ఇరుకు సందు, మిత్ర అనే దేవుడికి కట్టిన గుడి, అందులో ఎద్దును వధిస్తున్న ఆ దేవుడి శిల్పం. ఎక్కడో గోడ వెనక నీళ్లు పారుతున్న చప్పుడు. రోమ్ ఒకదాని మీద ఒకటి పేరుకున్న ఊరని పుస్తకాల్లో చదువుతాం, ఇక్కడ ఒక్క భవనంలో మెట్లు దిగుతూ తెలుస్తుంది. కొలోసియం నుంచి నడిచి వెళ్లేంత దూరం. గంట చాలు. చిన్న లిస్టులు చేసేవాళ్లు దీన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. నన్నడిగితే కొలోసియం కింది గదుల టికెట్ దొరకనివాళ్లు ఆ సమయాన్ని దీనికివ్వాలి.

పాంథియన్‌కి టికెట్ కొనొచ్చా అంటే తప్పకుండా కొనొచ్చు. గోపురం వెడల్పు 43 మీటర్ల పైన, నేల నుంచి పై రంధ్రం వరకు ఎత్తూ అంతే. లోపల ఇనుము లేని కాంక్రీటు గోపురాల్లో ఇంతకంటే పెద్దది ఇప్పటికీ లేదు. నడిమి రంధ్రం తెరిచే ఉంటుంది. వాన పడితే లోపల పడుతుంది, నేలలో నీళ్లు పోయే చిల్లులున్నాయి. ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం ప్రాంతంలో వెళ్తే వెలుగు వృత్తం గోడ మీద నుంచి జారుతూ కనిపిస్తుంది.

పై నుంచి ఊరు చూడాలంటే

సెయింట్ పీటర్స్ గోపురానికి మొత్తం 551 మెట్లు. లిఫ్ట్ తీసుకున్నా 320 మెట్లు మిగులుతాయి. చివరి భాగంలో గోపురం వంపుతో పాటు గోడ పక్కకి ఒరుగుతుంది, వెనక్కి తిరగడానికి వీలుండదు. ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు వద్దు. వాళ్లకు పించో తోట గట్టు మీద సూర్యాస్తమయం, లేదా జానికొలో కొండ. రెండూ ఉచితం. జానికొలోలో రోజూ సరిగ్గా మధ్యాహ్నం 12కి ఫిరంగి పేలుస్తారు, పిల్లలకు సరదా. బోర్గేసే చూసి పార్కులోంచి నడిస్తే పించో దారిలోనే వస్తుంది, కాబట్టి ఆ రెండూ ఒకే సాయంత్రం.

ఊరు దాటాలా: పాంపేయి, ఓస్తియా

మూడు రోజుల్లో ఒక రోజు పాంపేయికి పెట్టేవాళ్లున్నారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద కప్పబడిన ఆ ఊరికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ రోమ్ నుంచి నేపుల్స్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో గంటకు పైగా, అక్కడ లోకల్ ట్రైన్‌లో ఇంకో నలభై నిమిషాలు, తిరిగి మళ్లీ అంతే. రోజంతా పోతుంది. నాలుగో రోజు ఉంటే వెళ్లండి, లేదా నేపుల్స్‌లో ఒక రాత్రి ఉండేలా పెట్టుకోండి.

మూడు రోజులే ఉంటే ఓస్తియా ఆంటికా. పిరమిదే మెట్రో పక్కనున్న పోర్తా సాన్ పావొలో స్టేషన్ నుంచి లోకల్ ట్రైన్‌లో అరగంట, ఊళ్లో బస్సుకి కొనే మామూలు టికెట్టే చెల్లుతుంది. ఇది రోమ్ పాత ఓడరేవు. చక్రవర్తుల ప్యాలెస్‌లు ఉండవు, మామూలు జనం బతికిన అంతస్తుల ఇళ్లు, గోదాములు, వరసగా రాతి పీటలున్న మరుగుదొడ్లు ఉంటాయి. ఒక హోటల్‌లో రాతి కౌంటరు, దాని పక్క గోడ మీద తినుబండారాల రంగుల బొమ్మ ఇంకా ఉన్నాయి. థియేటర్ వెనక చౌకులో వర్తకుల ఆఫీసులుండేవి. ఒక్కో గది ముందు నేల మీద నల్ల, తెల్ల రాళ్లతో మొజాయిక్: ఓడలు, చేపలు, ఒకచోట ఏనుగు. ఏ ఊరి వర్తకులు, ఏం సరుకు అని చెప్పే సైన్‌బోర్డులు అవి. సముద్రం దాటి వ్యాపారం చేసిన జాతుల కథ ఇష్టపడేవాళ్లు ఈ చౌకును ఒక పట్టాన వదలరు. నడక ఎక్కువే, అయినా పైన్ చెట్ల నీడ ఉంది, ఫోరమ్ కంటే జనం బాగా తక్కువ. ఫోరమ్ చూసి "రాళ్లే కదా" అని నిరుత్సాహపడే మనిషి మీతో ఉంటే, ఫోరమ్ తీసేసి ఆ పూట ఇక్కడికి తీసుకురండి. దీనికీ సోమవారం సెలవు.

టికెట్లు ఏ వరసలో కొనాలి

రోమా పాస్ కొనాలా అని అడుగుతుంటారు. 72 గంటల పాస్‌తో రెండు చోట్ల ప్రవేశం, మిగతావాటికి తగ్గింపు, బస్సు, మెట్రో ఉచితం. వాటికన్ అందులో రాదు. ఇటలీ ప్రభుత్వ మ్యూజియంలలో 18 ఏళ్లలోపు వాళ్లకు ఏ దేశస్థులైనా ప్రవేశం ఉచితం కాబట్టి పిల్లలకు పాస్ కొంటే డబ్బు వృథా. వాటికన్‌లో మాత్రం ఏడేళ్లు నిండిన పిల్లలకు తగ్గింపు టికెట్ కొనాలి. పెద్దవాళ్లకు కూడా, పైన చెప్పినట్టు పూటకొకటి చూసేవాళ్లకు, విడి టికెట్లే మేలనిపిస్తుంది. పాస్ ఉన్నా కొలోసియానికీ బోర్గేసేకీ స్లాట్ విడిగా బుక్ చేసుకోవాల్సిందే.

వీసా దరఖాస్తుకి రోజువారీ ప్లాన్ ఎలాగూ కావాలి, అప్పుడే ఈ ఎంపికలు తేల్చేసుకోండి. డబ్బు వాపసు రాని టికెట్లు మాత్రం వీసా చేతికొచ్చాకే. ముందు బోర్గేసే, ఎందుకంటే చోటు తక్కువ. తర్వాత వాటికన్. కొలోసియం టికెట్లు 30 రోజుల ముందు విడుదలవుతాయి, రోమ్ టైమ్ ప్రకారం. ఇండియా నుంచి కొనేవాళ్లు వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు కలుపుకోవాలి. సైట్‌లో అయిపోయాయని కనిపిస్తే వెంటనే రెండింతలు పెట్టి వేరే చోట కొనకండి. కొలోసియం టికెట్లు మామూలు జనానికి దొరక్కుండా పోతున్న తీరు మీద 2025లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ దాదాపు 2 కోట్ల యూరోల జరిమానాలు వేసింది. రోజూ రెండు మూడు సార్లు అధికారిక సైట్ చూస్తూ ఉండండి, రద్దయినవి తిరిగి వస్తుంటాయి. "స్కిప్ ద లైన్" అని ఎవరు అమ్మినా సెక్యూరిటీ క్యూ ఎవరికీ తప్పదు.

కొలోసియం టికెట్ మీద ప్రతి ఒక్కరి పేరూ ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. మన పేర్లతో ఇక్కడే జాగ్రత్త పడాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా, పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే పూర్తిగా రాయండి. అమ్మగారి పాస్‌పోర్టులో పెళ్లికి ముందు ఇంటిపేరు ఉంటే టికెట్‌లోనూ అదే ఉండాలి, ఇంట్లో పిలిచే పేరు రాయకూడదు. టికెట్ కొనే ముందు అందరి పాస్‌పోర్టుల మొదటి పేజీ ఫొటోలు ఎదురుగా పెట్టుకుని, చూసి టైప్ చేయండి.